కేకకు రూపము

సంగీతము చెవి కొరకు పుట్టినదన్నది లోకమంతయు నొప్పుకొన్న మాట. కాని చెవికి సగమే చిక్కి, తక్కిన సగము కంటికిని దేహమునకును తప్ప అందని సంగీతములు కొన్ని కలవు. అమెరికా రాజధానియైన వాషింగ్టన్ నగరమును తన పుట్టినిండ్లలో నొకదానిగా చెప్పుకొను హార్డ్‌కోర్ పంక్ అట్టిది. దాని రికార్డును ఇంట కూర్చుండి వినువానికి మొదట వినవచ్చునది వేగము, పిమ్మట కోపము, ఆ పిమ్మట, ఓపిక గలవాడైనచో, ఆ కోపమునకు మూలమైన పట్టుదల. కాని ఆ పాట పాడబడిన గదిలో ఎవరెవరు ఎంతెంత దగ్గరగా నిలిచియుండిరో, గాయకుని నోట సగము వెలువడిన మాటను ఏ అపరిచితుని గొంతు పూర్తి చేసెనో, ఎవడు పడెనో, పడినవానిని ఏ చేయి లేపెనో, ఆ సంగతులను ఆ రికార్డు చెప్పజాలదు. నేను కెమెరా చేతబట్టి ఆ సభలకు పోవుట ఈ చెప్పబడని సగము కొరకే.

ఆ నగరమున 2013 మొదలు కొన్ని సంవత్సరములు వసంతకాలమున డ్యామేజ్డ్ సిటీ ఫెస్ట్ అను పేర హార్డ్‌కోర్ ఉత్సవము జరిగెను. ఉత్సవమనగానే విశాలమైన మైదానమును, ఎత్తైన వేదికను, దానికిని జనమునకును నడుమ ఇనుప కంచెను ఊహింపరాదు. కొలంబియా హైట్స్ పేటలో, పదునారవ వీధియు న్యూటన్ వీధియు కలియు మూలనున్న సెయింట్ స్టీఫెన్ చర్చి దాని ముఖ్యస్థానములలో నొకటి. ఎపిస్కోపల్ సంప్రదాయమున స్త్రీలకు అర్చకత్వము ఇంకను అంగీకృతము కాని కాలమున, 1974లో, ఆలిసన్ చీక్ అను స్త్రీచేత ప్రభుభోజన సంస్కారమును జరుగనిచ్చి, అందులకై విలియం వెంట్ అను తన పురోహితుడు మతన్యాయస్థానము నెదుట నిలువవలసి వచ్చినను వెనుదీయని చర్చి అది. అట్టిచోట, ఇతరులెవరును చోటియ్యని కుఱ్ఱవాండ్రకు చోటు దొరకుట యాదృచ్ఛికమని నేననుకొనను. పోటోమాక్ నదికి ఈవలి గట్టున, తెలుగు కుటుంబములు వేలుగా స్థిరపడిన ఉత్తర వర్జీనియాలో నుండి, శనివారము మధ్యాహ్నము వంతెన దాటి ఆ చర్చి మెట్లెక్కునప్పుడు, దేవాలయమునకు పోవుచున్నానా కచేరీకి పోవుచున్నానా అన్న భేదము నాకంతగా స్ఫురింపదు.

ఈ పేటకు ఈ సంగీతముతో గల బాంధవ్యము ఉత్సవముకంటె చాల పాతది. సెయింట్ స్టీఫెన్ చర్చికి కొలది వీధుల దూరమున, పదునైదవ వీధియు ఇర్వింగ్ వీధియు కలియుచోట విల్సన్ సెంటర్ అను కట్టడము కలదు. పూర్వమది ప్రెస్బిటేరియన్ చర్చి. అందు మైనర్ థ్రెట్ అను బ్యాండు పాడెను. అందే 1987 సెప్టెంబరు 3న ఫ్యుగాజీ అను బ్యాండు తన మొదటి కచేరీ చేసెను. అంతకును మునుపు, 1970ల చివర, జాజ్-ఫ్యూజన్ వాయించుచుండిన నలుగురు ఆఫ్రికన్ అమెరికన్ యువకులు బ్యాడ్ బ్రెయిన్స్ అను పేర పంక్ సంగీతమునకు మరలి, ఆ ఊరివారు అదివరకు వినియెరుగని వేగమును, ఆ వేగమునను చెదరని నైపుణ్యమును చూపిరి. వారిని చూచి బడిపిల్లలు బ్యాండ్లు కట్టిరి. ఆ బ్యాండ్లలో నొకటియైన టీన్ ఐడిల్స్ 1980లో విడిపోవునప్పుడు, కచేరీలవలన కూడిన కొద్దిపాటి సొమ్మును పంచుకొనక, దానితో తమ పాటలనే రికార్డుగా వేయించిరి. కవర్లను తామే కత్తిరించి, తామే మడిచి, తామే అంటించిరి. డిస్కార్డ్ రికార్డ్స్ అను సంస్థ అట్లు పుట్టినది. ఇయాన్ మెకే మొదలగు వారు నెలకొల్పిన ఆ సంస్థ నేటికిని నడచుచున్నది. పెద్ద కంపెనీల గుమ్మము తొక్కక, ఎవరి అనుగ్రహమునకును వేచియుండక, చేతనైనది చేతనైనట్లు చేయుటయే ఈ సంగీతమునకు గల మొదటి శాస్త్రము. రాగతాళముల సంగతి ఆ తరువాతిది.

మద్యము అమ్ము క్లబ్బులలోనికి పిన్నవయస్కులకు ప్రవేశము లేకుండుట ఆనాటి పెద్ద చిక్కు. ఆ టీన్ ఐడిల్స్ బాలురే 1980లో శాన్‌ఫ్రాన్సిస్కో పోయినప్పుడు మబుహే గార్డెన్స్ అను క్లబ్బువారు వారి చేతుల వెనుక నల్లసిరాతో పెద్ద ఇంటూ గుర్తు వేసి, ఈ చేతికి మద్యమీయరాదని తెలియజేసి, లోనికి రానిచ్చిరి. ఇంటికి మరలి వచ్చి బాలురు ఆ యుపాయమునే తమ ఊరి క్లబ్బునకు నేర్పిరి. బహిష్కరణమునకు గురుతుగా వేయబడిన ఆ నల్లగీతలు కొలది కాలములోనే స్వేచ్ఛగా గ్రహించిన వ్రతమునకు చిహ్నములైనవి. మద్యమును, మాదకద్రవ్యములను ముట్టని యువకులు నేటికిని ఎవరును వేయకయే తమ చేతులపై వాటిని వేసికొని సభకు వత్తురు. సెయింట్ స్టీఫెన్ హాలులో పైకెత్తిన చేతులను చిత్రించినప్పుడెల్ల వ్యూఫైండరులో ఆ గీతలు కనబడును. ముప్పదియైదేండ్లకు పైబడిన చరిత్ర ఒక బాలిక చేతి వెనుక సిరాగా మెరయుచుండగా, దానికి ఫోకస్ చేయక గాయకుని ముఖమునకు చేయుట నాకు సాధ్యము కాదు.

నేనొక్కడనే కాదు, ఈ సంప్రదాయమే అట్టిది. డిస్కార్డ్ వేసిన మొదటి రికార్డు కవరుపై బ్యాండువారి ముఖము లేదు. ఇంటూ గుర్తులున్న రెండు పిడికిళ్లు కలవు. 1981లో వెలువడిన మైనర్ థ్రెట్ తొలి రికార్డు ఎనిమిది పాటలది, పది నిమిషములైన పట్టదు. దాని కవరుపై గుండు చేయించుకొన్న ఒక యువకుడు మోకాళ్లపై తల వాల్చి కూర్చుండును. అతడు ఆ బ్యాండువాడే కాడు. గాయకుడైన ఇయాన్ మెకేకు తమ్ముడగు ఆలెక్ మెకే. ఖండమునకు ఆవలి కొనన, లాస్ ఏంజిలిస్‌లో, ఎడ్వర్డ్ కాల్వర్ తీసిన చిత్రముతో 1980లో వచ్చిన సర్కిల్ జెర్క్స్ ‘గ్రూప్ సెక్స్’ అను రికార్డు కవరు నిండ స్కేట్ పార్కులో గుమిగూడిన జనమే. వారిలో పాడినవాడెవడో, పాట వినవచ్చినవాడెవడో వెదకికొనవలసినదే. గ్లెన్ ఫ్రీడ్‌మన్ ఆర్లింగ్టన్‌లోని డిస్కార్డ్ ఇంటి వసారా మెట్లపై కూర్చుండబెట్టి తీసిన మైనర్ థ్రెట్ చిత్రమున వాద్యములు లేవు, వెలుతురు వేషములు లేవు. అల్లరి చేసి అలసి ఇంటి ముంగిట కూర్చున్న పొరుగింటి పిల్లలున్నారు. అట్లుండియు నేటికి నలుబదియేండ్లుగా ఎందరో బ్యాండువారు తమ ఇంటిముందటి మెట్లపై కూర్చుండి ఆ చిత్రమునే మరల తీయించుకొనుచున్నారు. ఆ వసారా వారికి తీర్థస్థానము.

వాషింగ్టన్‌లో ఈ ఛాయాచిత్రకళకు ఆద్యులు కొందరున్నారు. లూషియన్ పెర్కిన్స్ 1979లో వాషింగ్టన్ పోస్ట్ పత్రికలో పని నేర్చుకొనుచున్న యువకుడు. వ్యాలీ గ్రీన్ అను బీదవారి పేటలో ఆరుబయట బ్యాడ్ బ్రెయిన్స్ వాయించుచుండగా, చుట్టును చేరి వింతగా చూచుచున్న ఆ పేట పసిపిల్లలను చిత్రించెను. తరువాత అతనికి పులిట్జర్ బహుమానములు వచ్చినవి. ఆ తొలినాటి చిత్రములు మాత్రము 2013లో గాని పుస్తకరూపమును పొందలేదు. సింథియా కానలీ, లెస్లీ క్లేగ్, షారన్ చెస్లో అను ముగ్గురు స్త్రీలు 1979 నుండి 1985 వరకు జరిగిన కథను ఛాయాచిత్రములతోను, పాల్గొన్నవారి మాటలతోను గ్రంథముగా కూర్చి 1988లో స్వయముగా ప్రచురించిరి. చరిత్రకారుడెవడో వచ్చి వ్రాయునని ఎదురుచూడక, నడచిన కాలమును నడచినవారే, ముగిసిన మూడేండ్లకే, చేతిపనిగా గ్రంథస్థము చేసిన ఆ ముగ్గురియెడ నాకు గల గౌరవము మాటలకందదు.

ఇక హాలులోనికి. మధ్యాహ్నమునుండి రాత్రి వరకు బ్యాండు వెంట బ్యాండు. ఒక్కొక్కదానికి ఇరువది నిమిషముల కాలము, నడుమ ఆంప్లిఫయర్లు అటునిటు జరుపుకొనుటకు కొంత వ్యవధి. గోడ పొడవున బల్లలపై రికార్డులు, చొక్కాలు, చేత కుట్టిన చిరుపత్రికలు. ఆ బల్లల యొద్ద గాయకుడే చొక్కా మడిచి ఇచ్చుచుండును; కొనినవాడు తన బ్యాండు క్యాసెట్టు నొకదానిని అతని చేత పెట్టుచుండును. పిమ్మట నెవడో డ్రమ్ములవెనుక కూర్చుండి కర్రలను నాలుగుమారులు తాకించును. ఆ నాలుగవ దెబ్బకును మొదటి కేకకును నడుమ హాలులో జరుగు మార్పును మొదటిమారు చూచినవాడు కలహమనియే భ్రమించును. మధ్య నేల ఖాళీయగును; దానిని వారు పిట్ అందురు. అందొకడు చేతులు విసరుచు గిరగిర తిరుగును, ఒకతె వేదికనుండి తలల మీదికి దూకును, ఇరువది చేతులు ఆమెను మోసి నేలమీద నిలుపును, ఆమె జుట్టు సరిచేసికొని మరల వేదిక వైపు పరుగిడును.

నేను ఆ పిట్ అంచున, మోకాలెత్తు వేదికకు చేరువగా నిలిచియుండగా, చేతిపై ఇంటూ గుర్తులున్న ఒక బాలుడు నా మోచేయి పట్టుకొని పక్కకు లాగెను. నా ముఖము చూచి పోల్చుకొన్నాడు కాబోలు, ఆ హోరులో తెలుగున అరచెను: “అంకుల్, ఇక్కడ నిలబడకండి. ఆ స్పీకరు పక్కకి వచ్చేయండి, వాళ్లందరూ ఇటే దూకుతారు.” పాట ఆగిన పిమ్మట అడిగితిని, “ఏ ఊరు నాయనా మీది?” అని. “నాన్నగారిది ఒంగోలండి. నేను ఇక్కడే పుట్టాను.” ఇంట తెలియునా యని అడుగుటకు నాకు మనసొప్పలేదు గాని అతడే చెప్పెను: “అమ్మకి తెలుసు అంకుల్. చెవుల్లో ప్లగ్గులు పెట్టుకున్నావా అని అడుగుతుంది, అంతే.” ఆ తల్లిని నేనెరుగను, ఆమెకు నమస్కారము.

అతడు చూపిన చోటు ఛాయాగ్రాహకునకు ఉత్తమమైనది. పెద్ద కచేరీలలో ఛాయాగ్రాహకులకు కంచె వెనుక వేరు స్థలముండును. మొదటి మూడు పాటలే తీయవలెను, ఫ్లాష్ వాడరాదు అను కట్టుబాట్లుండును. ఇక్కడ కంచె లేదు గనుక ఆ రక్షణమును లేదు, ఆ నిర్బంధమును లేదు. వేదిక పార్శ్వమున, డ్రమ్ములకు కొంచెము వెనుకగా నిలిచినచో గాయకుని వీపును, అతని కెదురుగా నున్న వంద ముఖములును ఒక్కమారే చట్రములోనికి వచ్చును. చర్చి హాలులోని మసక దీపముల వెలుతురు చాలదు. అందుచేత ఫ్లాషును కెమెరానుండి వేరుచేసి ఎడమచేత పైకెత్తి పట్టుదును. ఇరువదినాలుగు మిల్లీమీటర్ల లెన్సును ఎఫ్-8 వద్ద నిలిపి, ఫోకస్ రెండున్నర మీటర్ల దరికి ముందుగనే కట్టివేసినచో, మీటరుకు కొంచెము పైబడిన దూరము మొదలు గది చివరి గోడ వరకు సమస్తమును స్పష్టముగా పడును. అట్లుగాక, పాట నడుచుచుండగా ఫోకస్ వెదకబోవువానికి పాటయే ముగియును. చిన్నశక్తితో వెలిగిన ఫ్లాషు సెకనులో పదివేలవ వంతు కాలముననే ఆరిపోవును గనుక గాలిలో నున్న దేహము ఉలి చెక్కినట్లు నిలుచును. షట్టరును మాత్రము సెకనులో పదునైదవ వంతు వరకు తెరచియుంచినచో, ఆ నిశ్చలమైన దేహము చుట్టును దీపముల జాడలు తోకలుగా సాగి, ఆగినదియు కదలుచున్నదియు ఒక్క చిత్రముననే కూడియుండును. కొందరు ఛాయాగ్రాహకులు ఈ తోకలను అతిశయముగా వాడి ముఖములను చెరచుట నాకు నచ్చదు. ముఖము చెడిన పిదప వెలుగు ఎంత అందముగా నున్నను ఏమి లాభము?

ఎప్పుడు మీట నొక్కవలెనన్నది కన్ను చెప్పదు, చెవి చెప్పును. నిమిషమైన నిలువని పాటలలో గూడ ఒక కట్టడి కలదు: అతివేగముగా సాగిన తాళము హఠాత్తుగా తెగి, గిటారు ఒంటరిగా మ్రోగి, డ్రమ్ములు సగము వేగమున బరువుగా తిరిగి అందుకొనును. ఆ తెగిన క్షణమున హాలులోని వారందరును ఊపిరి బిగబట్టుదురు. తిరిగి అందుకొన్న క్షణమున అందరును ఒక్కమారు కదలుదురు. గాయకుడు మైకును ముందునకు చాచును. పదిమంది ఒకరి భుజములపై నొకరు ఎగబ్రాకి, మెడలు రిక్కించి, ఆ మైకునకు నోళ్లందించుదురు. నేను కోరు చిత్రమదియే. అందు గాయకుడు ఎవడో చెప్పుట కష్టము కావలెను.

మా ఊరి రామమందిరమున శనివారపు భజనలో పాట ఎత్తుకొన్నవాడు రెండవ చరణమునకు తాళములు వాయించుచు వెనుకకు తగ్గెడివాడు. గుమ్మమున చెప్పులు విడుచుచున్నవాడు ఆ చరణమును అందుకొనెడివాడు. ఎవరిది గొంతు, ఎవరిది వంత అన్న లెక్క ఉండెడిది కాదు. సెయింట్ స్టీఫెన్ హాలులో నాకు పరాయితనము తోచకపోవుటకు కారణమదియే. భక్తికిని ఈ సంగీతమునకును చుట్టరికము నేను కల్పించినదియు కాదు. న్యూయార్కు హార్డ్‌కోర్‌లో ప్రసిద్ధుడైన జాన్ జోసెఫ్ కృష్ణభక్తుడు. యూత్ ఆఫ్ టుడే అను బ్యాండు గాయకుడు రే కాపో హరేకృష్ణ సంప్రదాయమును స్వీకరించి, షెల్టర్ అను బ్యాండును నెలకొల్పి, ఈ వేగముననే భగవద్విషయమును పాడెను. బ్యాడ్ బ్రెయిన్స్ వారిది రాస్తఫారీ విశ్వాసము. దేవుని నమ్మనివారు ఆ సభలో అంతకంటె ఎక్కువగా నుందురు. కాని నమ్మినవారును నమ్మనివారును నోరందించు మైకు ఒక్కటియే.

పిట్ అన్నివేళల మంచిది కాదు. బలిష్ఠులైన మగవారు తమ కండల ప్రదర్శనమునకై దానిని ఆక్రమించి, చిన్నవారిని, స్త్రీలను గోడవైపునకు నెట్టిన కాలములు కలవు. ఆ దౌష్ట్యమును ఈ సంగీతమునకు సహజమని సమర్థించువారితో నేను ఏకీభవింపను. ఫ్యుగాజీ కచేరీలలో దాని గాయకుడైన ఇయాన్ మెకే అట్టివానిని చూచినచో పాట ఆపి, అతనితో మాటలాడి, వినకున్న ఐదు డాలర్ల ప్రవేశ రుసుమును చేతబెట్టి బయటకు పంపెడివాడు. మరియు, ఎవడైన పడినప్పుడు చుట్టునున్నవారు ఆగి లేపవలెను. ఇది వ్రాయబడని ధర్మము. ఛాయాగ్రాహకుడు దీనికి అతీతుడు కాడు. నా కాళ్లయొద్ద పడినవానిని చిత్రించుటకు ఒక క్షణము, లేపుటకు ఒక క్షణము ఉండవు; ఉన్నది ఒక్క క్షణమే, దానిని చేయి చాచుటకే వినియోగింపవలెను. రక్తమోడు ముఖమును, బెదరిన పసివాని ముఖమును అడుగకుండ లోకమునకు చూపుట దొంగతనముతో సమానమని నా అభిప్రాయము.

నేడు ప్రతివాని చేతను సెల్‌ఫోను కలదు, పాటంతయు వీడియోగా నిలుచును, ఇక ఛాయాచిత్రమెందులకని కొందరు మిత్రులు అడుగుదురు. ఫ్యుగాజీ 1987 మొదలు 2002 వరకు వేయికి పైగా కచేరీలు చేసెను. వానిలో ఎనిమిదివందలకు మించి రికార్డు కాబడినవి. 2011 నుండి డిస్కార్డ్ వారు వానిని అందరికిని అందించుచున్నారు. అట్టి నిధి గల బ్యాండ్లు అరుదు. వానిని వినుచున్నప్పుడు పాట మధ్య మెకే ఎవనితోనో, ‘నీవే, నిన్నే’ యన్నట్లు మాటలాడుట వినవచ్చును. ఆ ‘నీవు’ ఎవడు? ఆ మాటకు అతడు తల దించుకొనెనా, నవ్వెనా, బయటకు నడచెనా? శబ్దమున సభ చప్పుడున్నది గాని సభలోని మనిషి లేడు. వీడియోలో మనిషి ఉన్నాడు గాని మరుక్షణమే కనుమరుగగును. అతని ముఖమును మనము చదువునంత సేపు అది నిలువదు. ఛాయాచిత్రము మూగది, నిజమే. కాని మూగదగుటచేతనే కాబోలు అది చూచువానిని తొందరపెట్టదు. మూడవ వరుసలో, ఎడమ అంచున, సగము తెగిన చట్రములో కన్నులు మూసికొని పాడుచున్న ఆ యమ్మాయి యొద్దకు అతడు తీరికగా పోయి చేరవచ్చును.

2014లో వాషింగ్టన్ నగర గ్రంథాలయమువారు మార్టిన్ లూథర్ కింగ్ స్మారక భవనమున పంక్ సంగీతమునకై ప్రత్యేకముగా నొక భాండాగారమును ఆరంభించిరి. కరపత్రములు, చిరుపత్రికలు, క్యాసెట్లు, ఛాయాచిత్రములు అందు చేరుచున్నవి. పాత చిత్రములను చూచునప్పుడు నన్ను నొప్పించునది ఒక్కటే: వేదికపై నున్నవాని పేరు వ్రాయబడియుండును, వానిని భుజములపై మోయుచున్న నలుగురి పేర్లు ఉండవు. అందుచేత నేను తీసిన చిత్రములను బ్యాండ్లవారికి ఉచితముగా పంపునప్పుడు, తేదీ, స్థలము, బ్యాండు పేరుతోపాటు, చట్రమున స్పష్టముగా పడిన ప్రతి ముఖమునకు ఎదురుగా ఒక గీత గీసి పంపుదును. తెలిసినవారు ఆ గీతపై పేరు నింపి మరల పంపుదురు. పేరు వలదన్నవారి గీతను చెరిపివేయుదును. ఆ ఉత్సవమున తీసిన చిత్రములలో గీతలు ఇంకను చాల మిగిలియున్నవి. రికార్డుల బల్ల యొద్ద కూర్చుండిన ఒక అమ్మాయికి ప్రతులు కొన్ని పంపితిని. ఫిలడెల్ఫియానుండి వచ్చినవారిని తానెరుగుదునని, బాల్టిమోరు వారిని తన అన్న గుర్తుపట్టునని జాబు వ్రాసినది.